తిరగవేసిన కటకము

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో మిరప పండించు రైతునకు ఒక మిల్లీమీటరు ఎంతటిదో పుస్తకము చూచి తెలిసికొనవలసిన పనిలేదు. మిరప ఆకు అంచులు పైకి ముడుచుకొన్నచో దానిని పైముడత అందురు. క్రిందికి ముడుచుకొన్నచో క్రిందిముడత అందురు. పైముడతను కలిగించు తామర పురుగు పొడవు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. క్రిందిముడతను కలిగించు నల్లి అందులో నాల్గవ వంతు కూడ ఉండదు. ఒకటి పురుగు, రెండవది సాలెపురుగు జాతికి చేరినది. ఒకదాని మందు రెండవదానికి తరచుగా పనిచేయదు. కనుక సరిగా చూడకపోవుట వలన కలుగు నష్టము ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు.

2021లో ఈ నష్టము మరింత పెద్దదయ్యెను. ఆగ్నేయ ఆసియాకు చెందిన నల్ల తామర పురుగు ఆ సంవత్సరము ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకములలోని మిరపతోటలపై విరుచుకుపడెను. దీని శాస్త్రీయనామము థ్రిప్స్ పార్విస్పైనస్. భారతదేశములో దీనిని మొదట 2015లో బెంగళూరు ప్రాంతపు బొప్పాయిపై గుర్తించిరి. రైతు ఎరిగిన పాత తామర పురుగు లేత పసుపు రంగులో ఉండి లేత ఆకుల అడుగున చేరును. క్రొత్తదానిలో ఆడపురుగు ముదురు గోధుమ లేక నలుపు రంగులో ఉండి పూలలో గుంపుగా చేరును. పూవును తెల్లకాగితముపై తట్టి, రాలినదానిని భూతద్దముతో చూచినగాని ఈ భేదము స్పష్టపడదు. ఆ చూచినదానిని తోటలో లేని నిపుణునకు చూపవలెనన్న ఛాయాచిత్రము తీయవలెను.

సరిగా అదే ఒక మిల్లీమీటరు ఇప్పుడు మరియొక చోట కూడ కనబడుచున్నది. పంపుసెట్టు స్టార్టరులో, ఎలక్ట్రానిక్ కాటాలో, చేతిలోని ఫోనులో ఉండు సర్క్యూట్ బోర్డును విప్పి చూచినచో దానిపై నువ్వుగింజకన్న చిన్నవైన భాగములు వందలకొలది అతికి ఉండును. వాటిలో ఒకటి కాలిపోయినను, దాని కాలివద్ద సోల్డరు వెంట్రుకవాసి చీలినను మోటారు నిలిచిపోవును. ఏ భాగము చెడినదో, దానిపై ఏ అక్షరములున్నవో చదువుటకు, దానిని నలుబదిమంది విద్యార్థులున్న తరగతికి ఒకేసారి చూపుటకు, దూరమున ఉన్న మెకానిక్కునకు పంపుటకు సమీప ఛాయాచిత్రమే సాధనము. ఇందుకై ప్రత్యేకముగా చేసిన మాక్రో కటకముల వెల తరచుగా పదులవేల రూపాయలలో ఉండును. ఒక ఉన్నత పాఠశాల అంత వెచ్చించగలదా? వెచ్చింపవలసిన అవసరమున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము ఆ చిన్న భాగముల పుట్టుక కథలోనే ఉన్నది.

బట్టల వర్తకుని అద్దము

హాలెండు దేశములోని డెల్ఫ్ట్ పట్టణమున ఆంటనీ వాన్ లీవెన్‌హుక్ (1632–1723) అను బట్టల వర్తకుడు ఉండెను. చీరాలలో నేత నాణ్యము తెలిసినవారు అంగుళమునకు ఎన్ని పోగులున్నవో చూచినట్లే, ఆనాటి వర్తకులును దారములను లెక్కించుటకు చిన్న కుంభాకార కటకమును వాడుచుండిరి. ఇంగ్లండులో రాబర్టు హుక్ 1665లో సూక్ష్మదర్శినితో చూచిన వస్తువుల బొమ్మలను 'మైక్రోగ్రాఫియా' అను గ్రంథముగా ప్రకటించెను. హుక్ వాడినది ఒకటికన్న ఎక్కువ కటకములు గల యంత్రము. లీవెన్‌హుక్ మాత్రము గింజంత గాజు కటకము నొకదానిని రెండు లోహపు రేకుల నడుమ బిగించి, వస్తువును ఒక సూది మొనపై నిలిపి, మరలతో ముందువెనుకలకు జరుపుచు చూచెను. నేటికి నిలిచియున్న ఆయన పరికరములలో ఒకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపగలదు.

మిరప ప్రాంతమువారికి ప్రీతి కలిగించు సంగతి యొకటి ఇందులో కలదు. మిరియములకు ఘాటు ఎందువలన వచ్చుచున్నదో తెలిసికొనగోరి ఆయన వాటిని నీటిలో నానబెట్టి, 1676లో ఆ నీటిని పరీక్షించెను. ఘాటునకు కారణము దొరకలేదు. కాని అంతకుముందు ఎవ్వరును ఎరుగని సూక్ష్మజీవులు ఆ నీటిలో కదలుచు కనబడెను.

ఆ పరికరములో ఖరీదైన దేదియు లేదు. అందులోని ముఖ్యాంశములు మూడు: కటకపు నాభ్యంతరము అతిస్వల్పముగా ఉండుట, వస్తువు కదలక నిలుచుట, దానిని వెంట్రుకవాసి జరుపగలుగుట. వీటికి మంచి వెలుగు తోడైనది. 1676లో ఎంత నిజమో, నేడు సర్క్యూట్ బోర్డును చిత్రించునప్పుడును ఇది అంతే నిజము.

తలక్రిందులైన సూక్ష్మదర్శిని

సూక్ష్మదర్శిని చిన్నదానిని పెద్దదిగా చూపును. అదే కటకముగుండా కాంతిని వెనుకనుండి పంపినచో పెద్దది చిన్నదగును. కాంతి పోవు త్రోవ రెండువైపుల నుండియు ఒక్కటే. ఇంగ్లండులోని మాంచెస్టరులో పరికరములు చేయు జాన్ బెంజమిన్ డాన్సరు 1839లోనే, అనగా ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైన సంవత్సరముననే, ఈ ఉపాయముతో ఒక పత్రమును 160వ వంతునకు కుదించి చిత్రము తీసెను. 1870–71లో పారిస్ నగరము ముట్టడిలో నుండగా ఇట్లు కుదించిన వార్తలను పావురములు మోసికొనిపోయెను.

ఈ విద్య ఎలక్ట్రానిక్ భాగముల చెంతకు వచ్చుటకు మరి ఎనుబది యేండ్లకుపైగా పట్టెను. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. దానిని చిన్నదిగా చేయవలెనన్న, అర్ధవాహకపు పలకపై ఏ చోట ఏ పదార్థము చేరవలెనో మిక్కిలి సన్నని గీతలతో గుర్తింపవలెను. మొదట ఈ పనిని చేతితో మైనము పూసి చేయుచుండిరి. చేతికి ఒక హద్దు కలదు.

ఆ హద్దును దాటినవారిలో ముఖ్యులు అమెరికా సైన్యపు ప్రయోగశాల యొకదానిలో పనిచేసిన జే లాత్రప్, జేమ్స్ నాల్ అను ఇరువురు. ఫిరంగిగుండు లోపల ఇముడునంతటి చిన్న సర్క్యూటును చేయుట వారికి అప్పగించిన పని. వారు 1957లో ఒక సూక్ష్మదర్శినిని తలక్రిందులు చేసిరి. పైన పెద్దదిగా గీచిన నమూనా, కటకముగుండా క్రిందికి వచ్చుసరికి, చిన్నదై అర్ధవాహకముపై పడెను. కాంతి సోకినచోట గట్టిపడు పూత నొకదానిని వారు ముందుగానే దానిపై పూసియుండిరి. ఆ పూతను అమ్మినది ఛాయాచిత్ర సామగ్రికి పేరొందిన కొడాక్ సంస్థయే. ఈ పద్ధతికి ఫోటోలిథోగ్రఫీ అను పేరు స్థిరపడెను. నేటి ఎలక్ట్రానిక్ చిప్పులన్నియు ఈ పద్ధతి సంతతియే.

అంగడిలో కొన్న కటకములు

మరుసటి యేటి కథ ఇంతకన్నను బోధకమైనది. కాలిఫోర్నియాలో 1957లో నెలకొన్న ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టరు సంస్థలో రాబర్టు నోయిస్, జే లాస్ట్ అనువారు ఒకే సిలికాన్ పలకపై అనేక ట్రాన్సిస్టరులను వరుసగా అచ్చువేయు కెమెరాను నిర్మింపబూనిరి. అటువంటి కెమెరా ఆనాడు అంగళ్ళలో దొరకెడిది కాదు. కటకములకై వారు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక సాధారణ ఫోటో సామగ్రి దుకాణమునకు పోయి, 16 మిల్లీమీటర్ల చలనచిత్ర కెమెరాలకు అమ్ము కటకములను ఒక్కొక్కటిగా పరీక్షించి, నాభ్యంతరము సరిపోలిన వాటిని ఏరి తెచ్చుకొనిరి.

సరిపోలినవే ఏల కావలెను? ట్రాన్సిస్టరును చేయుటకు ఒకే చోట, ఒకదానిపై నొకటిగా, పలుమార్లు నమూనాలను అచ్చువేయవలెను. కటకముల నాభ్యంతరములలో స్వల్పభేదమున్నను ఒక నమూనా పెద్దదిగను మరియొకటి చిన్నదిగను పడి, ఒకదానిపై నొకటి కూర్చుండవు. పేటికపై వ్రాసిన అంకెను నమ్మక, కటకమును స్వయముగా కొలిచి చూచుటలోనే వారి విజయమంతయు ఉన్నది. 1958లో ఆ కెమెరా సిద్ధమయ్యెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 12న టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో జాక్ కిల్బీ మొదటి సమీకృత సర్క్యూటును పనిచేయించి చూపెను. మరుసటి యేట నోయిస్ దానిని సిలికాన్‌పై సులభముగా తయారుచేయు మార్గమును చెప్పెను.

తెలుగుదేశములో ఎలక్ట్రానిక్ పరిశ్రమ వేళ్ళూనుకొన్నది ఆ తరువాతి దశాబ్దమున. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించిన శాస్త్రజ్ఞుడు అయ్యగారి సాంబశివరావు ముఖ్యకారకుడుగా, 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమయ్యెను. అప్పటి బోర్డులపై భాగములు మిరపగింజకన్న పెద్దవి; తీగకాళ్ళతో బోర్డు రంధ్రములలోనికి దిగియుండెడివి. నిరోధకముపై రంగు పట్టీలను ఉత్త కంటితోనే చదువవచ్చును. 1980 తరువాత కాళ్ళులేక బోర్డు ఉపరితలముననే అతుకు భాగములు వాడుకలో వ్యాపించెను. వాటిలో ఒక రకము 1.6 మి.మీ. పొడవు, 0.8 మి.మీ. వెడల్పు, తరువాతిది 1.0, 0.5 మి.మీ.; ఆపైది 0.6, 0.3 మి.మీ. మధ్యరకము సరిగా తామర పురుగంత. ఈ చిన్నవాటిపై తరచుగా ఏ వ్రాతయు ఉండదు. ఇట్లు కటకము పుట్టించిన వస్తువును కటకము లేక చూడలేని స్థితి యేర్పడినది.

దూరముల లెక్క

చవకగా చూచుట యెట్లో తెలియుటకు తరగతిలో చెప్పు కటకపు సూత్రమే చాలును. వస్తువు కటకమునకు నాభ్యంతరమునకు రెండింతల దూరమున ఉన్నచో, ప్రతిబింబము ఆవలివైపున అంతే దూరమున, వస్తువంతే పరిమాణములో ఏర్పడును. వస్తువు ఇంకను దగ్గరకు వచ్చినచో ప్రతిబింబము దూరముపోయి పెద్దదగును. సామాన్య కెమెరాలో కటకము ఫిల్మునకు లేక సెన్సారునకు దగ్గరగా బిగించియుండుట చేత ఆ దూరము చాలదు. దానిని పెంచు ఉపాయములన్నియు చవకైనవే.

మొదటిది పొడిగింపు గొట్టము. ఇందులో గాజు లేదు. కటకమును కెమెరా నుండి దూరము జరుపు ఖాళీ గొట్టము మాత్రమే. 50 మి.మీ. కటకమునకు 50 మి.మీ. గొట్టము చేర్చినచో ప్రతిబింబము వస్తువంతే యగును.

రెండవది కటకమును తిరగవేయుట. సామాన్య కటకమును దూరపు వస్తువునకు, దగ్గరి ప్రతిబింబమునకు అనువుగా దిద్దియుందురు. మిక్కిలి దగ్గరి చిత్రణములో ఈ క్రమము తారుమారై, వస్తువు దగ్గరగను ప్రతిబింబము దూరముగను ఉండును. కనుక కటకమును కూడ తారుమారు చేయుట న్యాయము. ఇందుకు కావలసిన ఉంగరము కొన్ని వందల రూపాయలకే దొరకును. తిరగవేసిన 50 మి.మీ. కటకము వస్తువును ఇంచుమించు దాని సహజ పరిమాణమున, 28 మి.మీ. కటకము సుమారు రెండింతలుగా సెన్సారుపై నిలుపును. వస్తువునకు, కటకమునకు నడుమ నాలుగైదు సెంటీమీటర్ల చోటు మిగులును. కొనువారు ఒక్క సంగతి గమనింపవలెను. క్రొత్త కటకములలో కాంతిద్వారమును కెమెరాయే విద్యుత్తుతో నడపును. తిరగవేసినచో ఆ సంబంధము తెగిపోవును. ద్వారమును చేతితో త్రిప్పు ఉంగరము గల పాత కటకము ఈ పనికి మేలైనది, వెలయు తక్కువ. డిజిటల్ కెమెరాలు వచ్చి చీకటిగదులు మూతపడిన తరువాత ఫోటోస్టూడియోలలో మూలపడిన ఎన్లార్జరు కటకములును ఇట్టివే.

మూడవది ఫోనుకు కటకమును చేర్చుట. పాఠశాలలోని 10 సెం.మీ. కుంభాకార కటకమును, 10 సెం.మీ. దూరము వరకు మాత్రమే స్పష్టముగా చూడగల ఫోను ముందు ఉంచినచో అది 5 సెం.మీ. వద్ద చూడగలదు, బొమ్మ రెండింతలగును. అంతకన్న ఎక్కువ కావలెనన్న పాడైన ఫోనులోని కటకమునే తిరగవేసి దీని ముందు ఉంచవలెను. రెండు కటకములు ఒకే రకమైనచో వస్తువు సహజ పరిమాణమున సెన్సారుపై పడును; అనగా కొన్ని మిల్లీమీటర్ల వెడల్పుగల చోటు తెరనిండ కనబడును. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2014లో ఈ పద్ధతినే పరీక్షించి, ఇది చవకైన సూక్ష్మదర్శినిగా పనికివచ్చునని ప్రకటించిరి. ఆ యేటనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములోని మను ప్రకాశ్ బృందము కాగితమును మడిచి, ఒక చిన్న గాజు కటకమును చేర్చి చేసిన ఫోల్డ్‌స్కోపును వివరించెను. అందులోని సామగ్రి వెల ఒక డాలరునకు లోపు. లీవెన్‌హుక్ రేకుల నడుమ బిగించిన కటకమే అది, రేకులు కాగితములైనవి.

ఎంత పెద్దది కావలెను?

కొనుటకు ముందు ఈ లెక్క వేయవలెను. సెన్సారు వెడల్పు 24 మి.మీ., దానిపై అడ్డముగా 6000 చుక్కలు ఉన్నవనుకొందము. వస్తువు సహజ పరిమాణమున పడినచో ఒక మిల్లీమీటరునకు 250 చుక్కలు వచ్చును. చిప్పుపై అర మిల్లీమీటరు ఎత్తున్న అక్షరమునకు 125 చుక్కలు. చదువుటకు ఇది చాలినంతకన్న ఎక్కువ. కనుక బోర్డు మరమ్మతునకు, తరగతి బోధనకు సహజ పరిమాణము చాలును. మిక్కిలి చిన్నవాటికి రెండింతలు. అంతకుమించిన ఆవర్ధనమునకు చెల్లించు సొమ్ము ఈ పనిలో వ్యర్థము.

ఆవర్ధనము పెరిగినకొలది ఇబ్బందులును పెరుగును. సహజ పరిమాణమున సెన్సారునకు చేరు కాంతి నాల్గవ వంతునకు పడిపోవును. ద్వారమును 8వ గుర్తువద్ద ఉంచినను స్పష్టముగా కనబడు లోతు ఒక మిల్లీమీటరునకు మించదు. రెండింతల వద్ద అది ఇంచుమించు మూడవ వంతగును. లోతుకొరకు ద్వారమును మరీ మూసినచో కాంతి వివర్తనము చెంది బొమ్మ అంతయు మసకబారును. కనుక ద్వారమును నడిమి గుర్తున ఉంచి, బోర్డును కెమెరాకు సమాంతరముగా నిలిపి, అవసరమైనచో కొద్దికొద్దిగా జరుపుచు అనేక చిత్రములు తీసి కలుపుకొనుట మేలు.

ఈ కారణములచేత పాఠశాల సొమ్ము ఖర్చగు క్రమము ఇట్లుండవలెను. మొదట కదలని స్తంభము, వస్తువును మరతో పైకి క్రిందికి జరుపు పీట. పాత సూక్ష్మదర్శిని కాలు ఇందుకు చక్కగా పనికివచ్చును. రెండవది వెలుగు: రెండు చిన్న ఎల్.ఇ.డి. దీపములు, వాటి ముందు ట్రేసింగు కాగితము. సోల్డరు అద్దమువలె మెరయును గనుక సూటి వెలుగు దానిపై తెల్లని మచ్చగా పడును; కాగితము ఆ మెరపును చంపును. చిప్పుపై చెక్కిన అక్షరములు మాత్రము ప్రక్కనుండి ఏటవాలుగా వచ్చు వెలుగులోనే తేలును. మూడవది కటకము, అదియు మొదట చేతనున్నదానిని తిరగవేసి చూచిన తరువాతనే. చివరిది, నిజముగా కొరతపడినప్పుడు మాత్రమే, క్రొత్త కెమెరా. బోర్డును కరెంటు నుండి విడదీయవలెను. పెద్ద కెపాసిటరులలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండునని మరువరాదు.

2016 నుండి అటల్ టింకరింగ్ లాబ్‌ల పథకము క్రింద అనేక పాఠశాలలకు ఎలక్ట్రానిక్ సామగ్రి చేరినది. ఆ పెట్టెలలోని ఏ బోర్డునైనను ఇట్లు చిత్రించి, దాని ప్రక్కనే మిల్లీమీటరు గీతల స్కేలును, మిరపపూవులో దొరకిన తామర పురుగును, ఒక పత్తి పోచను ఉంచినచో పిల్లలకు కొలతల పాఠమంతయు ఒక్క బొమ్మలో కనబడును. పత్తి పోచ మందము సుమారు 20 మైక్రాన్లు; 1.0 మి.మీ. నిరోధకము పొడవున అట్టి పోచలు 50 ప్రక్కప్రక్కన పట్టును. ఆ నిరోధకముపై చీలికను చూడగలిగిన పరికరమే, స్కేలు మార్చకుండ, మరునాడు ఆకుముడతకు కారణము పురుగో నల్లియో చెప్పగలదు.